పై అరకు అందే చెయ్యి

జనవరి 4

పాల సొసైటీ వాళ్ళు ఏటా ఒక డైరీ ఇస్తారు. ఇన్నాళ్ళూ ఆ కాగితాలు చించి వేరుశనక్కాయలు పొట్లం కట్టడానికి వాడాను. ఈసారి రాస్తున్నాను. కారణం, ఇంట్లో నా నోటికి తాళం పడింది.

సొన్నమ్మ నవ్వకూడదు. నవ్వితే భుజం అదురుతుంది, అదిరితే ప్రాణం పోతుందంటుంది. మొన్న పక్కింటి నంజుండప్ప నడక నడిచి చూపించాను, ఎప్పుడూ చూపించేదే. ఫక్కున నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే కుడి భుజం పట్టుకుని గోడ పక్కన కూలబడింది. కళ్ళల్లో నీళ్ళు. "నీకు మొక్కుతా, నన్ను నవ్వించొద్దు" అంది. రెండో చెయ్యి లేవక ఒంటి చేత్తో మొక్కింది.

పెళ్ళయినప్పటి నుంచి నేను చేసిన సంసారమంతా ఆమెను నవ్వించడమే. ఇంకో పని నేర్చుకోలేదు. అందుకని నోటి దాకా వచ్చిన మాటలు ఇక్కడ పోస్తున్నాను. బైరకూరులో ఈ మునిశంకర్ మాటలకు గిరాకీ తగ్గలేదు, ఇంట్లోనే అంగడి మూసేశారు.

జనవరి 7

ఊరిగాం వెళ్ళి వచ్చాం. అక్కడ పాత బంగారు గనుల కంపెనీ ఇంటి ముందు గదిలో స్మిత అనే అమ్మాయి ఫిజియోథెరపీ చేస్తుంది. మా శ్రీధర సారు కూతురు. సారు హైస్కూల్లో నాకు లెక్కలు చెప్పారు. ఆయన చెప్పారు, నేను వినలేదు. టెన్త్ నన్ను వదిలేసింది, నేను దాన్ని వదిలేశాను.

"సుద్దముక్కల డబ్బాలో కప్పను పెట్టింది మీరేనంట కదా అంకుల్. నాన్న ఇప్పటికీ ఏ డబ్బా అయినా ఊపి చూసి తెరుస్తాడు."

"ఆ కప్ప లెక్కల్లో వీక్ అమ్మా. ట్యూషన్‌కి పంపిస్తి."

సొన్నమ్మ పెదాలు బిగబట్టింది. నేను తల దించుకున్నాను. అలవాటు, ఏం చేసేది.

స్మిత చెయ్యి పట్టుకుని మెల్లగా పైకెత్తింది. భుజం ఎత్తుకు రాకముందే సొన్నమ్మ అరిచింది. షుగరు ఉన్నవాళ్ళకు ఇలా భుజం గడ్డ కట్టేది ఎక్కువంట. రోజూ నూనె వెచ్చ చేసి ఒత్తాలి, తర్వాత వేళ్ళు గోడ మీద పాకించాలి, చెంబు పట్టుకుని చెయ్యి ఊపాలి.

"ఒత్తితే తెరుచుకుంటుందా అమ్మా?"

"ఒత్తితే తెరుచుకోదు అంకుల్. ఒత్తితే రక్తం బాగా ఆడుతుంది, కండ మెత్తబడుతుంది, నొప్పి తగ్గి నిద్ర పడుతుంది. నొప్పి తగ్గితేనే ఆంటీ చెయ్యి కదిలిస్తారు. కదిలిస్తేనే తెరుచుకునేది. తలుపుకు నూనె పోసేది మీ పని, తోసేది ఆంటీ పని."

నా బొటనవేళ్ళు ఎక్కడ ఆనించాలో చూపించింది. మెడ పక్కన, రెక్క ఎముక అంచున, భుజం ముందు గుంటలో. నేను ఒత్తి చూపించాను.

"రాగిముద్ద తిప్పినట్ల కాదు అంకుల్. లోపల మనిషి ఉండాది."

మార్చి నడిమికి చెయ్యి చెవి దాకా లేవాలంట. లేవకపోతే పెద్ద డాక్టరు మత్తు ఇచ్చి, గడ్డ కట్టిన భుజాన్ని లాగి విడదీయాల్సి రావచ్చంట. మత్తు అన్న మాట వినగానే సొన్నమ్మ కుర్చీలోంచి లేచింది. బస్సులో కూర్చున్నాక ఒకే మాట.

"మత్తు మాత్రం వద్దు. చెయ్యి ఇట్లనే ఉండిపోనీ."

ఎందుకని నేను అడగలేదు. కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

జనవరి 8

ఒత్తాను. దీపాలు పెట్టే వేళ పీట మీద కూర్చోబెట్టి, తలుపు వేసి. నువ్వుల నూనె గరిటెలో వెచ్చ చేశాను. ఉత్త చేత్తో తాకితే ఇసుక పోసి రుద్దినట్టు ఉందంది, నూనె ఉంటేనే ఓర్చుకుంది. ఆమెకు నొప్పి తగ్గిందో లేదో తెలియదు, నా బొటనవేళ్ళు మాత్రం నావి కావు.

భార్య భుజం ఒత్తే మగవాడిని ఈ ఊరు చూడలేదు. తలుపు గడియ కూడా పెట్టాను.

జనవరి 10

పిల్ల పురుగులను పెంచి ఇచ్చే చాకీ కేంద్రం నుంచి పట్టు పురుగులు వచ్చాయి. రెండో జ్వరం లేచినవి. పురుగు నాలుగు సార్లు జ్వరం పడుతుంది, తిండి మానేసి తల పైకెత్తుకుని కదలకుండా ఉంటుంది, చర్మం విడిచి లేచి మళ్ళీ తింటుంది. మనిషికి ఆ సౌకర్యం లేదు.

పురుగుల ఇంట్లో నాలుగు అరలు. పై అర ఎప్పుడూ సొన్నమ్మదే. ఆమె నాకంటే జానెడు పొడుగు. పెళ్ళిచూపులప్పుడు కూర్చోబెట్టే చూపించారు. లేచి నిలబడేసరికి తాళి కట్టేసి ఉన్నాను. ఈ పంటకు పై అర నాది. నేనూ స్టూలూ కలిస్తే ఒక సొన్నమ్మ.

కొమ్మలు పరుస్తూ ఉండగా గుమ్మంలోంచి చూసింది. "కొసలన్నీ ఒక పక్కకే వేస్తా ఉండావు. తలా తోకా మార్చి వెయ్."

"దిగి నువ్వెక్కు."

అనకుండా ఉండాల్సింది. వెళ్ళిపోయింది.

సాయంత్రం ఒత్తుడు గురించి పంచాయితీ. నూనె తాకిన చెయ్యి ఆకు తాకకూడదని వాళ్ళమ్మ పెట్టిన కట్టడి. పంట ఉన్నన్నాళ్ళు తలకు కూడా నూనె రాసుకోదు.

"పురుగులు పండే దాకా ఒత్తేది వద్దులే."

"పురుగులు పండే లోపల నీ భుజం గూడు కట్టేసుకుంటుంది."

చివరికి ఒప్పుకుంది. వాసన లేని నువ్వుల నూనె మాత్రమే. అది కూడా పొద్దుగూకి ఆకు వేసేశాకే. తర్వాత కుంకుడుకాయ పులుసుతో చేతులు, ఒళ్ళు కడుక్కోవాలి. తెల్లవారి వేరే బట్టలు కట్టుకోవాలి. నా పెళ్ళికి కూడా ఇన్నిసార్లు స్నానం చెయ్యలేదు.

జనవరి 13

ఒత్తాను. గోడ మీద వేళ్ళు పాకించింది. కిటికీ కింది అంచు దాకా వెళ్ళి ఆగిపోయాయి.

జనవరి 15

సొన్నమ్మకు నిద్ర లేదు. పడుకుంటే భుజం పీకుతుందని గోడకు దిండు పెట్టుకుని కూర్చుంటుంది. నాకూ నిద్ర లేదు. ఆమె వల్ల కాదు. పురుగులు ఆకు తినే చప్పుడు వల్ల.

పొద్దున నేనే జడ వేశాను. "ఇది జడనా, గేదెకు కట్టే తాడా?" అంది. గేదె ఇంత సణగదని చెప్పబోయి మింగేశాను.

జనవరి 17

గడియ వెయ్యడం మరిచిపోయాను. నంజుండప్ప చక్కెర అప్పుకు నేరుగా లోపలికే వచ్చేశాడు. సొన్నమ్మకు పినతండ్రి కొడుకు, నాకు బామ్మర్ది వరస. నూనె చేతులతో నన్ను చూసి, చక్కెర సంగతి మరిచిపోయి వెనక్కి తిరిగాడు. వీధి చివరికి వెళ్ళేలోపు ఊరంతా చెప్పేసి ఉంటాడు.

పాల సొసైటీ దగ్గర గుండప్ప అందుకున్నాడు. "ఏమప్పా, పెండ్లానికి కాళ్ళు కూడా ఒత్తుతావంట."

"నువ్వు కూడా వచ్చి కూర్చోప్పా. నీ నాలుక ఒత్తుతా. బిగుసుకునిపోయి ఒక పక్కకే తిరుగుతా ఉండాది."

అందరూ నవ్వారు. ఇంటికి వచ్చే దారంతా నాకు నవ్వు రాలేదు.

సాయంత్రం నంజుండప్ప ఒక సీసా తెచ్చి ఇచ్చాడు. వాడి మోకాలికి సంతలో కొన్న తైలం. కర్పూరం, నీలగిరి ఇంకా ఏవేవో. మూత తీస్తే పక్క వీధిలో వాళ్ళకు జలుబు వదులుతుంది.

"అక్కకు పూయి బావా. నిద్ర ఎట్ల పడుతుందో చూడు."

"పురుగులు ఉండాయిరా."

"పురుగులు పోతే ఇంగో పంట వస్తుంది కదా."

సొన్నమ్మ వాడి మాట వినలేదు, అది వాడి అదృష్టం.

జనవరి 18

పురుగులు నాలుగో జ్వరం పడ్డాయి. కదలవు, తినవు. ఒకటిన్నర రోజు ఆకు వెయ్యాల్సిన పని లేదు. సొన్నమ్మే అంది.

"ఆ తైలం పూస్తే పూయి. లేచే లోపల వాసన పోవాల."

ఆమె తనంతట తాను అడిగిందంటే నొప్పి ఎంత ఉందో. పూసి ఒత్తాను. భుజం కింద కండ వేడెక్కి నా వేళ్ళ కింద కదిలింది. ఇన్ని రోజుల్లో మొదటిసారి. చేతులు పచ్చ తువాలుకు తుడుచుకుని, తర్వాత స్నానం చేశాను.

జనవరి 19

పడుకుని నిద్రపోయింది. గోడ లేదు, దిండు లేదు. గురక కూడా పెట్టింది. దేవుడి ఊరేగింపులో నాదస్వరం కూడా నేను ఇంత శ్రద్ధగా వినలేదు.

జనవరి 20

పురుగులు లేచాయి. చివరి తిండి మొదలు, ఇంక రోజుకు మూడు పూటలా మోపులు మోయడమే. స్నానం చేశాను, బట్టలు మార్చాను, చేతులు రెండుసార్లు కడిగాను. మల్బరీ కొమ్మలు మెడకు గీసుకుంటున్నాయని భుజం మీద తువాలు వేసుకుని మోపులు ఎత్తాను. పై అరకు నాలుగు మోపులు. అలిసిపోయాను.

జనవరి 21

పై అరలో పురుగులు తినడం లేదు. తల పైకెత్తి అటూ ఇటూ ఊపుతున్నాయి. నోట్లోంచి పచ్చనీళ్ళు కక్కుతున్నాయి. కింది అరల్లో బాగానే ఉన్నాయి.

పక్క పొలం ఈశ్వరప్ప టమాటా తోటకు నిన్న మందు కొట్టారు. గాలి ఇటువైపే. టమాటా మందే.

జనవరి 22

టమాటా మందే అని సొన్నమ్మకు చెప్పాను. స్టూలు కూడా ఎక్కకుండా పై అర చూసింది, ఎక్కాల్సిన అవసరం ఆమెకు ఎప్పుడూ లేదు. ఎడమచేత్తో ఒక కొమ్మ లాగి ఆకు వాసన చూసింది. తర్వాత నా దగ్గరికి వచ్చి, కుక్క చుట్టాన్ని వాసన చూసినట్టు నా భుజం వాసన చూసింది.

"నీ తువాలు యాడ?"

దండెం మీద ఉందన్నాను. తీసి ముక్కుకు ఆనించుకుంది. దాన్ని దూరంగా కంచె మీద వేసి వచ్చింది. పై అర మొత్తం ఎత్తి గుంటలో పూడ్చాం. ఆమె ఎడమచేత్తో, నేను రెండు చేతులతో.

మందు కూడా కొంత ఉండొచ్చు. గాలి ఇటువైపే ఉంది.

జనవరి 23

ఒత్తుడు లేదు. నూనె సీసాలన్నీ తీసి బయట కొట్టంలో పెట్టింది. "మిగిలిన మూడు అరలు గూడు కట్టే దాకా ఈ ఇంట్లో నూనె మాట ఎత్తొద్దు" అంది.

జనవరి 24

ఒత్తుడు లేదు. మళ్ళీ గోడ, మళ్ళీ దిండు.

జనవరి 25

మధ్యాహ్నం పురుగుల ఇంట్లోకి వెళ్ళేసరికి సొన్నమ్మ ఉంది. నన్ను చూడలేదు. ఖాళీ పై అర ముందు నిలబడి, ఎడమచేత్తో కుడి మోచేతిని కింద నుంచి పైకి తోస్తోంది. పళ్ళు బిగబట్టి. చెయ్యి భుజం దాకా కూడా రాలేదు, మొన్నటి కంటే తక్కువ. మళ్ళీ తోసింది. గొంతులోంచి ఒక చప్పుడు వచ్చింది, దూడ కట్టుకు చిక్కినప్పుడు వచ్చేలాంటిది.

అడుగుల చప్పుడు కాకుండా వెనక్కి వచ్చేశాను. ఎవరినైనా భయపెట్టడానికి ఎన్నోసార్లు అలా నడిచాను. ఈసారి నేనే భయపడి.

జనవరి 26

పురుగులను నంజుండప్పకు ఇచ్చేశాను. వాడి పురుగుల ఇల్లు ఖాళీగా ఉంది, ఆకు కూడా ఉంది. సొన్నమ్మ పాలు పోయడానికి వెళ్ళినప్పుడు ఇద్దరం కలిసి కొమ్మలతో సహా ఎత్తి మోశాం.

"అక్క నన్ను చంపుతుంది బావా."

"ముందు నన్ను చంపల్ల కదరా. అంతలో నువ్వు పారిపో."

నాకు మోపులు మోసి మోసి విసుగొచ్చి ఇచ్చేశాను. అంతే. ఈ వయసులో రోజుకు మూడు పూటలా స్టూలెక్కి దిగడం ఎవరి వల్ల అవుతుంది.

ఆమె వచ్చింది. ఖాళీ అరలు చూసింది.

"నా పురుగులు యాడ?"

"నంజుండ ఇంట్లో."

"ఇది నీ ఆటల్లో ఒకటా?"

ఇన్నేళ్ళలో ఆ మాట ఎన్నిసార్లు అందో. ప్రతిసారీ కోపంగానే అంది. ఈసారి అవునని చెప్పమన్నట్టు అడిగింది.

"కాదు" అన్నాను.

గుమ్మంలో కూర్చుంది. చాలాసేపు లేవలేదు. నేను కొట్టంలోకి వెళ్ళి నూనె సీసా తెచ్చి పొయ్యి పక్కన పెట్టాను. దాన్ని చూసింది, నన్ను చూసింది. పీట తెచ్చుకుని గోడ వైపు తిరిగి కూర్చుని, చెయ్యి నా మోకాలి మీద పెట్టింది. ఎవరో మరిచిపోయిన సామాను పెట్టినట్టు.

జనవరి 28

మాట లేదు. చెయ్యి ఇచ్చింది.

జనవరి 30

మాట లేదు. చెయ్యి ఇచ్చింది.

ఫిబ్రవరి 1

నంజుండప్ప ఇంట్లో పురుగులు పండాయి. ఒళ్ళు అద్దంలా మారిందంట, గూళ్ళు కట్టడానికి చంద్రికల తట్టల మీదకు ఎక్కించారంట. వాడు గోడ అవతలి నుంచి అరిచి చెప్పాడు. సొన్నమ్మ వెళ్ళి చూడలేదు. అంట్లు తోముతూ వింది.

మాట లేదు. చెయ్యి ఇచ్చింది.

ఫిబ్రవరి 4

ఊరిగాం నుంచి స్మిత ఫోన్. ఎలా ఉందని.

"బాగానే ఉండాదమ్మా. చెయ్యి మెత్తబడతా ఉండాది. మనిషే గట్టిపడింది."

"ఆంటీతో మాట్లాడతా, ఇవ్వండి."

ఇచ్చాను. లోపలికి తీసుకెళ్ళి మాట్లాడింది. గోడ మీద పాకించేది, చెంబు ఊపేది అన్నీ చెప్పింది. ఎంత మాట్లాడిందని. నాకు చెవి ఉంది కాబట్టి నాకూ కొంచెం అందింది.

ఫిబ్రవరి 8

నా వేళ్ళకు ఇప్పుడు తెలుస్తోంది. రెక్క ఎముక అంచున ఒక ముడి ఉంది, చింతగింజ అంత. దాని మీద నేరుగా ఒత్తితే ఒళ్ళు బిగిస్తుంది. పక్క నుంచి మెల్లగా వస్తే ఊరుకుంటుంది. చుట్టూ తిరిగి తిరిగి, అది మరిచిపోయినప్పుడు తాకాలి. నంజుండప్పను ఆటపట్టించడం కూడా ఇలాగే.

ఒత్తడం అయ్యాక ఆమె భుజం ఒక వేలెడు కిందికి దిగుతుంది. అప్పటిదాకా చెవి దగ్గరికి ఎత్తిపెట్టుకుని ఉందని ఆమెకే తెలియదు. కళ్ళు మూతలు పడతాయి. నేను ఆపకుండా ఉంటాను. ఆమె కోసం కాదు, నూనె వృథా ఎందుకని.

మాట లేదు.

ఫిబ్రవరి 11

"కింద కాదు. పైన."

అంది. గోడతో అన్నట్టే అంది గానీ గోడకు చేతులు లేవు.

ఫిబ్రవరి 12

"స్వల్ప గట్టిగా" అంది.

కిటికీ నడిమి కడ్డీ దాకా పాకించింది.

ఫిబ్రవరి 16

ఈరోజు చాలా మాట్లాడింది. ఎదురెదురుగా కూర్చుంటే ఆమె ఎప్పుడూ ఇంత మాట్లాడదు, మాట్లాడనిచ్చేవాడిని కూడా కాదు నేను, మధ్యలో ఏదో ఒక ఎకసెక్కెం పడేస్తాను. వీపు నా వైపు, మొహం గోడ వైపు, భుజం నా చేతుల్లో. నోరు తెరిస్తే నవ్వొస్తుందేమోనని భయపడి నేను నోరు తెరవలేదు.

వాళ్ళక్క గురించి, ప్రేమ అని ఆమె పేరు. చనిపోయిందని నాకు తెలుసు, మా పెళ్ళికి ముందే. ఎలాగో తెలియదు.

"చిన్న ఆపరేషనే. లోపలికి పోయేటప్పుడు గాజులు తీసి నా చేతిలో పెట్టింది. లేచినంక వేసుకుంటా పట్టుకో, కింద పెడితే పగులుతాయి అనింది. మత్తిచ్చినారు. పట్టుకుని కూర్చున్నా. సాయంకాలం దాకా పట్టుకునే ఉన్నా."

నా వేళ్ళు ఆగిపోయాయి.

"ఒత్తు. ఎందుకు నిలిపినావు?"

ఒత్తాను.

"పురుగులు పోయినందుకు కాదు నాకు కోపం" అని తనే మళ్ళీ అంది. "నువ్వు అడిగి ఉంటే నేనే ఇచ్చి ఉంటా. దొంగ మాదిరి ఎత్తుకుపోయినావు. ఊరోళ్ళతో ఆడినట్ల నాతో ఆడినావు."

మోపులు మోయలేక ఇచ్చానని చెప్పాను.

"అవునులే" అంది. "టమాటా మందు కూడా నువ్వే చెప్పినావు."

ఫిబ్రవరి 17

తువాలు వల్లే. నా తువాలు వల్లే.

ఫిబ్రవరి 25

కిటికీ పై కడ్డీ దాటింది. దానిపైన క్యాలెండర్ మేకు ఉంది. అది చెవి ఎత్తు. ఆమె చెవి ఎత్తు, నాకైతే నెత్తి మీద ఇంకో మూడు వేళ్ళు.

నా బొటనవేళ్ళు పొద్దున ముడుచుకోవడం లేదు. పాలు పితకడానికి గుండప్ప కొడుకును పిలిచాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పినా నమ్మరు. బేతమంగళంలో ఒక పెళ్ళిలో మొదటి పంక్తిలో చోటు కోసం గుండె నొప్పి వచ్చినట్టు పడిపోయాను. ముగ్గురు విసనకర్రలతో విసిరారు, ఒకరు మంత్రం చదివారు, లేచి కూర్చుని పాయసం అడిగాను. ఆ రోజు నుంచి నా ఒంట్లో ఏ నొప్పికీ ఈ తాలూకాలో సాక్ష్యం చెల్లదు.

మార్చి 6

మేకుకు రెండు వేళ్ళ కింద ఆగిపోయింది. నాలుగు రోజులుగా అక్కడే.

"లేవకపోతే?" అంది.

"లేస్తుంది."

"లేవకపోతే మత్తిస్తారు."

"ఇస్తే గాజులు నాకివ్వొద్దు. నేను కచ్చితంగా యాడో పారేస్తా. నువ్వే లేచి వచ్చి తిట్టల్ల."

ఆమె నవ్వలేదు, ఏడవలేదు. "నూనె ఆరిపోతా ఉండాది, కానియ్" అంది.

మార్చి 11

ఒత్తాను. మేకు తాకింది. క్యాలెండర్ ఊగింది.

మార్చి 15

ఊరిగాం. స్మిత గది బయట బెంచీ మీద శ్రీధర సారు కూర్చుని ఉన్నారు. నన్ను చూసి పక్కనున్న టిఫిన్ డబ్బా దగ్గరికి లాక్కున్నారు.

లోపల స్మిత సొన్నమ్మ మణికట్టు పట్టుకుని ఎత్తింది. భుజం దాటింది. గడ్డం దాటింది. సొన్నమ్మ కళ్ళు గట్టిగా మూసుకుంది. చెవి దగ్గర స్మిత తన చెయ్యి తీసేసింది. చెయ్యి అక్కడే నిలిచింది. దానంతట అది.

"కళ్ళు తెరవండి ఆంటీ. నేను పట్టుకోలేదు."

తెరిచి తన చేతినే చూసుకుంది, వేరే వాళ్ళ చెయ్యి చూసినట్టు.

"మత్తు వద్దా అమ్మా?" అంది.

"ఇప్పుడు వద్దే వద్దు. ఇంకా పూర్తిగా రాలేదు, ఈ సాధన విడవొద్దు. షుగరు చూసుకుంటా ఉండండి." తర్వాత నా వైపు తిరిగి, "అంకుల్, మీ చేతులు చూపించండి" అంది. చూపించాను. బొటనవేళ్ళ మొదలు నొక్కింది. నాకు ప్రాణం పోయింది. "కొన్నాళ్ళు మీరు రెస్ట్ తీసుకోవల్ల" అంది.

సొన్నమ్మ నా చేతుల వైపు చూసింది. ఇన్నాళ్ళూ అవి ఆమె వీపు వెనకే ఉన్నాయి.

బస్సు కోసం, గని మట్టి పోసిన సైనైడ్ దిబ్బకు ఎదురుగా నిలబడ్డాం. గాలికి ఆ తెల్ల దుమ్ము లేస్తోంది. సొన్నమ్మ నేను వేసిన జడ విప్పేసింది. రెండు చేతులూ తల వెనక్కి తీసుకెళ్ళి, పెదవి కొరుకుతూ, ఆగి, మళ్ళీ మొదలుపెట్టి, ముడి వేసుకుంది. వంకరగా వచ్చింది. నాది కూడా వంకరే. కానీ అది ఆమె ముడి.

బస్సు వచ్చింది. ఎక్కాం.

ఏప్రిల్ 2

కొత్త పురుగులు వచ్చాయి. సొన్నమ్మ పై అరలో కొమ్మలు పరుస్తోంది, తలా తోకా మార్చి.

"ఆ స్టూలు తీసేయ్. కాళ్ళకు అడ్డం."

తీసేశాను.

ఏప్రిల్ 3

దీపాలు పెట్టే వేళ పీట తెచ్చాను. "ఇంగ అక్కర్లేదులే. పురుగులు ఉండాయి కదా. సాధన నేనే చేసుకుంటా" అంది.

మంచిదే. చేతులకు విశ్రాంతి.

ఏప్రిల్ 4

విశ్రాంతి.

ఏప్రిల్ 5

విశ్రాంతి. ఆ వేళకు ఏం చెయ్యాలో తోచక గేదె మెడ రుద్దాను. అది నమిలేది ఆపి నన్ను చూసింది.

ఏప్రిల్ 6

పొద్దున నుంచి ఎడమ భుజం నొప్పి. నిజంగానే.

సొన్నమ్మతో చెప్పాను.

"బేతమంగళం పెళ్ళిలో వచ్చింది చూడు, ఆ నొప్పేనా?"

"అది గుండె. ఇది భుజం."

"నీ ఒంట్లో దేన్ని నమ్మేది అయ్యా." చేతులు కడుక్కుని వచ్చింది. "నూనె లేదు. పురుగులు పండే దాకా నూనె లేదు. ఉత్త చేత్తో ఒత్తుతా. పీట మీద కూర్చో."

కూర్చున్నాను, గోడ వైపు తిరిగి. వెనక నిలబడింది. పై నుంచి కుడి చెయ్యి నా భుజం మీద దిగింది. ఆకు కోసి కోసి గరుకెక్కిన చెయ్యి. ఒత్తింది. ఇంత బలం ఉందని నేను అనుకోలేదు. గోడ వైపు మొహం పెట్టి కూర్చుంటే ఎలా ఉంటుందో ఇప్పుడు తెలిసింది. మాటలు ఊరికే వస్తాయి.

"ఆ రోజు నిన్ను చూసినా" అన్నాను. "పై అర ముందర. మోచెయ్యి తోసుకుంటా ఉంటివి. అందుకే ఇచ్చేసినా. మోపులకు కాదు."

చెయ్యి ఆగలేదు. "తెలుసు" అంది. చెయ్యి కొంచెం జరిపి, "నొప్పి యాడ?" అంది.

"ఇక్కడ."

ఒత్తింది.

"కాదు, ఇంకా కొంచెం కిందికి."

ఒత్తింది.

"ఇప్పుడు ఈ పక్కకు వచ్చింది. మెడకు ఎక్కతా ఉండాది."

"అట్లనా. ఎడమ భుజంలో పుట్టి కుడి భుజానికి పోయే నొప్పినా?"

"కుప్పం బస్సు మాదిరి. అన్ని స్టాపుల్లో నిలుస్తుంది."

నవ్వింది. ముందు ముక్కులోంచి, తర్వాత గొంతులోంచి, తర్వాత ఒళ్ళంతా. వెనక్కి తిరిగి చూడడానికి భయపడ్డాను, భుజం పట్టుకుని కూలబడి ఉంటుందేమోనని. కానీ ఆ చెయ్యి నా భుజం మీదే ఉంది. ఆమె నవ్వుతో పాటు అది కూడా అదురుతోంది, నన్ను కూడా అదిరిస్తోంది. తీయలేదు.

భుజం నిజంగానే నొప్పిగా ఉంది. రేపు కూడా ఉంటుంది.